వార్డుకు ధర కట్టిన తెలుగువాడు

రైల్వేలో రిటైరయ్యాక రాయపూర్‌లోనే ఉండిపోయాం. అప్పట్లో నా భార్యకు ఒక ప్రైవేటు ఆసుపత్రి జనరల్ వార్డులో డయాలసిస్ జరుగుతుండేది. ఒకరోజు సూటు వేసుకున్న యువకుడొకడు వచ్చాడు. ఆసుపత్రుల అమ్మకాలు కుదిర్చే ముంబై బ్యాంకరట. మా మంచం పక్కనే నిలబడి, ఇక్కడెవరికీ అర్థం కాదనుకుని, ఫోన్‌లో తెలుగులో, "ఈ వార్డు దండగ సార్. తీసేస్తేనే మంచి రేటొస్తుంది" అన్నాడు.

నా భార్య మెలకువగానే ఉంది. అంతా వింది.

"తీసేస్తే మా ఆవిడ ఎక్కడికి పోవాలి బాబూ?" అన్నాను.

ఉలిక్కిపడి, అంతలోనే నవ్వేశాడు. "అరె, తెలుగువాళ్లా అంకుల్! ఏ ఊరు మీది?"

"పలాస. ముందు అడిగినదానికి జవాబు చెప్పు."

"అదంతా మేనేజ్‌మెంట్ చూసుకుంటుంది అంకుల్" అంటూ ఆమెకు నమస్కారం పెట్టి మరీ వెళ్లాడు.

వార్డు మూసేశారు. తర్వాత ఆమె ఎక్కువ కాలం బతకలేదు. ఈ ఊళ్లో తెలుగు మాట వినబడితే ఆగి పలకరించే అలవాటు నాకు ఆమెతోనే పోయింది.