నాలుగో వేటు

పైడిరాజు మలేసియాలోని పెరాక్‌లో, ఒక కొబ్బరి ఎస్టేటులో పుట్టాడు. ఏడేళ్లప్పుడు, "ముత్యాలు తాతని నిజంగా పులే చంపిందా?" అని అడిగినందుకు తండ్రి బెల్టుతో వీపు చీల్చాడు. పంతొమ్మిదేళ్లకు సింగపూర్ వచ్చి తంజోంగ్ పగార్ రేవులో చేరాడు. కంటెయినర్ల మధ్య రెండు వేళ్లు నలిగి తెగిపోయాయి. తండ్రి చనిపోయే ముందు నిజం చెప్పాడు: తోటి కూలీ ముత్యాలును నరికింది పైడిరాజు సొంత తాత.

ఇప్పుడు పైడిరాజుకు డెబ్బై. క్లెమెంటి పేటలోని తన ఫ్లాట్‌లో ఒక గదిని ఒసారో అనే నైజీరియా పరిశోధకుడికి అద్దెకిచ్చాడు.

ఆ ఆదివారం నాగరత్నం వచ్చింది. ఎస్టేటు ఎలా పుట్టిందో తెలుగు సంఘం సంచికకు రాయాలట. ఆమె ముత్యాలు మనవరాలు. చిన్నప్పటి నుంచి పైడిరాజును అన్నా అనే పిలుస్తుంది. నిజం తెలిస్తే ఇక పిలవదని అతని భయం.

"పులి కథ సెప్పన్నా, రాసుకుంటాను."

పైడిరాజు టీ కప్పు చేతిలోకి తీసుకున్నాడు. ఆమె దేనికొచ్చిందో ముందే తెలిసిన ఒసారో, టీ తాగుతూ ఇంగ్లీషులో అందుకున్నాడు.

"మా ఊరు ఎలా పుట్టిందో చెప్పనా ఆంటీ? వాగులో స్నానం చేస్తున్న అన్నను తమ్ముడు నరికాడు. ఏడు వేట్లు. ఊరు తనదన్నాడు. ఏటా తమ్ముడి వంశంవాళ్లు అన్న వంశంవాళ్ల ముందు నిలబడి ఒక్కో వేటూ చెప్పాలి. ఒకటి వదిలితే మళ్లీ మొదటినుంచి."

"ఓలమ్మో! అది ఊరా, మటన్ మార్కెట్టా?"

ఒసారో నవ్వాడు. "చెప్పకపోతే ఆ ఊరు మాది కాదు ఆంటీ. దొంగసొత్తు."

పైడిరాజు కప్పు కింద పెట్టాడు.

"పులి కాదు నాగూ. మా తాత."

పెన్ను ఆగింది.

"మీ తాత దొరకి చాడీలు సెప్తున్నాడని కాలవ గట్టున పారాంగ్ కత్తితో కాపు కాశాడు. మొదటిది మోకాలి మీద. ముత్యాలు తాత కూలిపోయి చెయ్యి అడ్డం పెట్టాడు. రెండో వేటుకి ఆ చెయ్యి కాలవలో పడింది. మూడోది మెడ మీద. మర్నాడు పులి అన్నాడు. ఎస్టేటు కూలీలకి పెద్ద అయ్యాడు."

"నాలుగు," అంది నాగరత్నం.

"ఏటి?"

"కడుపు మీద ఇంకోటి. పేగులు లోపలికి తోసి, చీర చింపి కట్టి, శవాన్ని కడిగింది మా మామ్మే. పులి అంత తిన్నగా కొయ్యదని, అది మీ తాత కత్తేనని నాకు సెప్పింది."

"ఇన్నాళ్లూ తెలుసా నీకు?"

"మీ ఇంట్లో ఎవరు నోరిప్పుతారా అని సూశాను."

ఆమె రాసిన పేజీ చింపేసి, కొత్త పేజీ తిప్పింది.

"మళ్లీ సెప్పన్నా. మోకాలి కాడ్నుంచి."