లాయరమ్మ తమ్ముడి కేసు

ఇస్త్రీ దుకాణంలో పనిచేసే ఆమెను వీధివీధంతా లాయరమ్మ అనేది. ఆమె చదువు బడి మధ్యలోనే ఆగిపోయింది. కానీ కోర్టు సినిమా అంటే మాత్రం అన్నం నీళ్ళు మానేసి చూసేది. మర్నాడు ఆసుపత్రి నుంచి వచ్చిన దుప్పట్ల మీద ఇస్త్రీపెట్టె తోస్తూ ఆ వాదనంతా తానే రెండు పక్షాలా నిలబడి వినిపించేది. ప్రాసిక్యూటరుకు ఒక గొంతు, ముద్దాయి లాయరుకు ఒక గొంతు. జడ్జిగారి వంతు వస్తే ఒక దగ్గు. దుప్పటి మాడిందంటే ముందు నీ మీదే కేసు వేస్తానని యజమాని నవ్వేవాడు.

ఈ పిచ్చి తమ్ముడికీ అంటింది. అమ్మానాన్నలు పోయాక వాణ్ణి పెంచింది ఆమే. ఆదివారం మధ్యాహ్నం ఒకే దిండు మీద చెరో వైపు తల పెట్టుకుని చూసేవాళ్ళు, చూసినంతసేపూ పోట్లాడుకునేవాళ్ళు. వాడికి తీర్పు కావాలి. జడ్జి నోట నిర్దోషి అన్న మాట వచ్చేదాకా వాడికి ఊపిరాడదు. ఆమెకు తీర్పుతో పనిలేదు.

"బల్లలు గుద్దేవాడు లాయరేమిట్రా?" అనేది. "వాన పడిందా, గొడుగు పట్టుకెళ్ళావా, ఏ చేత్తో పట్టుకున్నావు అని చిన్నచిన్నవి అడుగుతూ పోవాలి. సాక్షికి తను ఎటు పోతున్నాడో తెలియకూడదు. ఉన్నట్టుండి వాడి నోరు తెరుచుకోవాలి, మాట రాకూడదు. సినిమా అంటే అదిరా."

ఇంకో మాట కూడా అనేది. మంచి కోర్టు సినిమాలో చిన్న గది ఉంటుంది, నలుగురు మనుషులుంటారు, అసలు ఏం జరిగిందో తేలేదాకా ఆ గదిలోంచి ఎవరూ లేచిపోరు. బయట ఎంత అన్యాయం జరిగినా ఆ గదిలో మాత్రం ఒకడు మాట్లాడుతుంటే మిగిలినవాళ్ళు వింటారు. ఆమెకు నచ్చింది అదేనని తమ్ముడికి తెలుసు. తెలిసే ఏడిపించేవాడు.

తమ్ముడు లిఫ్టు మెకానిక్కు అయ్యాడు. నూనె మరకల చొక్కాతో ఇంటికొచ్చినా పని గురించి మాట్లాడేటప్పుడు వాడి మొహం వెలిగిపోయేది. అలాంటివాడు ఒక సాయంత్రం అన్నం కెలుకుతూ కూర్చున్నాడు. ఒక పెద్ద భవనంలో లిఫ్టు బ్రేకులు అరిగిపోయాయని, కొత్తవి వచ్చేదాకా లిఫ్టు ఆపేయాలని అక్కడి మేనేజరుతో చెప్పాడట. పై అంతస్తులవాళ్ళు మెట్లెక్కలేరు, ఈ వారం గడవనీ అన్నాడట మేనేజరు. లిఫ్టు ఆపి, ఎక్కవద్దని కాగితం అంటించి వచ్చాడు తమ్ముడు. వాడు వెళ్ళాక ఆ కాగితం పీకేసి లిఫ్టు నడిపించారు.

ఆ వారం గడవలేదు. పై అంతస్తులో ఉండే టీచరుగారు లిఫ్టులోంచి బయటికి అడుగు పెడుతుండగా, తలుపులు తెరిచి ఉండగానే లిఫ్టు కిందికి జారింది. ఆమె బతకలేదు.

పోలీసులు తమ్ముణ్ణి తీసుకెళ్ళారు. మెకానిక్కు ఏమీ చెప్పలేదన్నాడు మేనేజరు. కాగితం ఎవరూ చూడలేదన్నారు. చూసినవాడు ఒక్కడున్నాడు, ఆ భవనం వాచ్‌మన్. ఆ మాటలు జరిగినప్పుడు పక్కనే నిలబడి ఉన్నాడు. లాయరమ్మకు ప్రాణం లేచొచ్చింది. సాక్షి ఉన్నాడు కదా, ఇంకేం?

కోర్టు గదిలోకి మొదటిసారి అడుగుపెట్టినప్పుడు ఆమెకు తప్పుడు చోటికి వచ్చానేమో అనిపించింది. ఫ్యాను కిర్రుమంటోంది. ఎవరి గొడవలో వాళ్ళున్నారు. జడ్జిగారు తల ఎత్తకుండా ఏదో గొణిగారు, బంట్రోతు ఇంకొకరి పేరు పిలిచాడు. ఆమె తమ్ముడి కేసు అప్పటికే అయిపోయింది. వాయిదా. మళ్ళీ వెళితే మళ్ళీ వాయిదా. ఒకసారి ప్రాసిక్యూటరు రాలేదు, ఒకసారి జడ్జిగారు సెలవు, ఒకసారి ఎందుకో కూడా ఎవరూ చెప్పలేదు. బెయిలు అడిగితే కాదన్నారు. తమ్ముడు పోలీసుల మధ్య నిలబడి ఆమెను చూసి తల ఊపేవాడు. ప్రతిసారీ ఇంకాస్త చిక్కిపోయేవాడు.

ఎదురు బెంచీ మీద ఒకాయన కూర్చునేవాడు. టీచరుగారి భర్త. ఎవరితోనూ మాట్లాడడు. ఇన్ని సినిమాలు చూసినా ఆ బెంచీ వైపు తాను ఎన్నడూ చూడలేదని ఆమెకు తట్టింది. ఆయన కంట పడకుండా తల దించుకునేది.

వాచ్‌మన్ ఇంటికి ఆమె తిరగని రోజు లేదు. ఇల్లంటే ఆ భవనం మెట్ల కింద ఒక గదే. మొదట్లో అతను కూర్చోమనేవాడు. తరవాత భార్యను పంపి లేడనిపించేవాడు. చివరికి ఒక రోజు గేటు దగ్గర అతని చేయి పట్టుకుని, చూసింది చూసినట్టు చెప్పన్నా, ఇంకేమీ వద్దు అని ఏడ్చింది. అతను చేయి విడిపించుకోలేదు. సరేనమ్మా అన్నాడు.

ఆ సరే పట్టుకుని ఆమె కొన్నాళ్ళు బతికింది. తమ్ముడి తరఫున కోర్టువాళ్ళు పెట్టిన కుర్ర లాయరుకు ఏం అడగాలో కూర్చోబెట్టి చెప్పింది. ఆ రోజు ఎక్కడ నిలబడ్డావు, చేతిలో ఏముంది, మేనేజరు ఏ వైపు ఉన్నాడు, ఇలా చిన్నచిన్నవే అడుగుతూ వెళ్ళమంది. అతను మర్యాదగా తలూపాడు.

వాచ్‌మన్ వచ్చాడు, బోనెక్కాడు. మెకానిక్కు మేనేజరుతో మాట్లాడగా చూశావా అని ప్రాసిక్యూటరు అడిగితే లేదన్నాడు. కాగితం చూశావా అంటే లేదన్నాడు. కుర్ర లాయరు భయపడి చెబుతున్నావు కదూ అని ఒక్క ప్రశ్న వేశాడు. కాదన్నాడు. అంతే, దిగిపొమ్మన్నారు. నోరు తెరుచుకోవడం లేదు, మాట రాకపోవడం లేదు. మూడు ముక్కల్లో తమ్ముడి బతుకు తేలిపోయింది.

ఆమెకు తాను ఎప్పుడు లేచిందో తెలియదు.

"అయ్యా, ఇంకోసారి అడగండి. ఎక్కడ నిలబడ్డాడో అడగండి. అడిగితే చెప్తాడు, నాకు మాటిచ్చాడు."

జడ్జిగారు మొదటిసారి తలెత్తి ఆమె వైపు చూశారు. కోపం కూడా లేదు ఆ చూపులో. బయటికి పంపించమన్నారు. ఆడ కానిస్టేబులు భుజం పట్టుకుని వరండాలోకి తెచ్చి వదిలింది.

వాచ్‌మన్ బయటికొచ్చి తప్పించుకు పోబోయాడు. ఆమె అడ్డం వెళ్ళలేదు. అతనే ఆగాడు.

"నేను చెప్తే సాయంత్రానికి మా సామాను రోడ్డు మీదుంటుందమ్మా. మా ఆవిడకి నెలలు నిండాయి. నన్నేం చెయ్యమంటావు?"

తిట్టాలని నోటిదాకా వచ్చింది. కానీ ఆ మెట్ల కింద గది, తలుపు సందులోంచి చూసే అతని భార్య మొహం కళ్ళ ముందుకొచ్చాయి. సినిమాలో సాక్షి మాట చెప్పి వెళ్ళిపోతాడు. ఎక్కడికి వెళ్ళి పడుకుంటాడో ఎవరూ చూపించరు. ఆమె మొహం తిప్పుకుంది.

తీర్పు రోజు జడ్జిగారు ఏమన్నారో ఆమెకు వినపడనే లేదు. ఏమన్నారు సార్ అని లాయరును అడుగుతుండగానే పోలీసులు తమ్ముడి భుజం మీద చేయి వేశారు. రెండేళ్ళ జైలు. వాడు వెళుతూ వెళుతూ పైకోర్టంటూ తిరిగి ఆరోగ్యం పాడుచేసుకోకక్కా అన్నాడు. గొంతులో ఏ భావమూ లేదు. అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది.

గది ఖాళీ అయింది. వరండాలో గోడకు చేరబడి కూర్చుంది. ఎవరో వచ్చి బెంచీ అంచున కూర్చున్నారు. టీచరుగారి భర్త.

"మీ తమ్ముడు నిజంగా ఆపమని చెప్పాడా?" అని అడిగాడు.

ఇన్నాళ్ళలో ఆ ప్రశ్న ఆమెను అడిగినవాళ్ళు లేరు. ఆమె చెప్పింది. అన్నం కెలికిన సాయంత్రం నుంచి చెప్పింది. మేనేజరు అన్న మాట, అంటించిన కాగితం, వాచ్‌మన్ అన్న సరే, అతని భార్య. మధ్యలో ఏడుపొచ్చి ఆగిపోతే ఆయన కదలకుండా కూర్చున్నాడు. అంతా అయ్యాక నేల వైపు చూస్తూ అన్నాడు.

"మీవాడి మీద కోపంతోనే ఇన్నాళ్ళూ అన్నం తినగలిగానమ్మా. ఇప్పుడేం చేసుకోను?"

ఆమె కళ్ళు తుడుచుకుని లేచింది. ఇద్దరూ బయటికి నడిచారు. గేటు దగ్గర ఆయన ఆగి, మేనేజరును కూడా విచారించమని తాను అర్జీ పెడతానన్నాడు. పెట్టాడు కూడా. దాని మీద ఇంతవరకూ ఎవరూ పలకలేదు. ఆమె వేసిన అప్పీలు పైకోర్టులో ఉంది. తమ్ముడు లోపలే ఉన్నాడు. చూడ్డానికి వెళ్ళిన రోజున వాడు అప్పీలు ఏమైందని అడగడు, ఆమె చెప్పదు. ఇనుప జాలీకి అటూ ఇటూ నిలబడి, టైమైందని గంట కొట్టేదాకా ఒకరినొకరు చూసుకుంటారు.