మా అత్త కలికుండలో మా మామ బీరు

ఇంట్లో బీరు కాయడానికి ఏ పాత్ర పనికొస్తుందో, ఏది పనికిరాదో నన్ను అడిగితే చెప్పగలను. ఇంతవరకు ఎవరూ అడగలేదు. చర్చిలో రెండో వరసలో కూర్చునే ముసలిదాన్ని అలాంటివి ఎవరడుగుతారు?

ఈ విద్య నాకు మా మామ వల్ల అబ్బింది. అరవైల మొదట్లో నేను కోడలిగా వచ్చేనాటికి ఆయన మిలిటరీ నుంచి రిటైరై ఇందుకూరుపేట పక్కన మా పల్లెలో ఉంటున్నాడు. అప్పుడు మాకు మద్యనిషేధం. యుద్ధంలో చావకుండా బయటపడ్డవాడికి సొంత ఊళ్ళో ఈ శిక్ష ఏమిటని రోజుకొకసారైనా వాపోయేవాడు. దానికి తోడు మా అత్త స్త్రీల సమాజానికి ప్రెసిడెంటు. తాగబోమని ఊళ్ళో మగవాళ్ళందరి చేతా కాగితం మీద సంతకం పెట్టించింది ఆమే. మొదటి సంతకం మామది. కాగితంలో సారా, కల్లు అని రాశారే గానీ బీరు అని ఎక్కడా రాయలేదని ఆయన వాదన. బయట ప్రొహిబిషన్ పోలీసులు, లోపల మా అత్త. పోలీసులకైతే సెలవులుండేవి.

ఎక్కడో ఉత్తరాదిన కంటోన్మెంటులో ఒక తెల్ల సార్జంటు బార్లీతో బీరు కాస్తుంటే మామ చూశాడట. చూశాడంతే, చెయ్యి పెట్టలేదు. ఈ తేడా నాకు తర్వాత తెలిసింది.

గింజలు మొలకెత్తించి, ఎండబెట్టి, తిరగలిలో విసిరి, వేణ్ణీళ్ళలో నానబెడితే తీపి నీళ్ళు దిగుతాయి. అవి పులిస్తే బీరు. మామ నెల్లూరు పోయి, జ్వరం వచ్చినవాళ్ళకు కాచిపోసే బార్లీ తెచ్చి తడిగుడ్డలో మూటకట్టాడు. అయిదు రోజులు చూశాడు. మొలక రాలేదు, కంపు వచ్చింది.

"పాలిషు పట్టిన గింజ మొలుస్తాదా మామా? బియ్యం చల్లి నారు పోసుకుంటామా మనం?" అన్నాను.

ఆ ఇంట్లో నాకు మర్యాద మొదలైంది ఆ క్షణం నుంచే. మర్నాడు రాగుల మూట తెచ్చి నా ముందు పెట్టాడు.

రాగులు నానబోసి మొలకలు కట్టడం చంటిపిల్లల తల్లులు చేసే పని. పెళ్ళయి ఆరు నెలలైన కోడలు అడక్కుండానే రాగుల మొలకలు కట్టి ఎండలో ఆరబోస్తుంటే మా అత్త ముఖం వెలిగిపోయింది. ఏమీ అడగలేదు. ఆ రోజు నుంచి నా కంచంలో చేపముక్క పెద్దదైంది. నేను అవుననలేదు, కాదననూ లేదు, ముక్క మాత్రం తిన్నాను. నా భర్త కోట అనే ఊళ్ళో బడిపంతులు, శనివారం వచ్చి సోమవారం వెళ్ళేవాడు. ఆయనకూ నేనేమీ చెప్పలేదు.

అత్త స్త్రీల సభలకని నెల్లూరుకు నాలుగు రోజులు వెళ్ళింది. వెళ్తూ గడప దగ్గర ఆగి, "ఇల్లు ఏమైపోయినా పరవాలేదమ్మాయ్. కలికుండకు మాత్రం రెండు పూటలా గంజి పొయ్యి," అంది.

మా వంటింటి మూల ఆ కుండ ఉండేది. వార్చిన గంజి, బియ్యం కడిగిన నీళ్ళు అందులో పోస్తే పులిసి కలి అవుతుంది. ఎండాకాలం పొద్దున్నే అందులో అన్నం నానేసుకుని ఉల్లిపాయ కొరుక్కుంటూ తింటాం. ఎంత తీస్తే అంత పోయాలి, అడుగు ఎప్పుడూ ఖాళీ కాకూడదు. అత్త పెళ్ళప్పుడు వాళ్ళమ్మ ఒక చెంబు కలి ఇచ్చి పంపిందట. ముప్పై ఏళ్ళుగా అదే నడుస్తోంది.

ఆమె బస్సు ఎక్కిందో లేదో, మామ ఇంట్లో ఉన్న పాత్రలన్నీ పెరట్లో వరసగా నిలబెట్టించాడు. చేతులు వెనక్కి కట్టుకుని ఒక్కో పాత్ర ముందు ఆగి తనిఖీ చేశాడు. మిలిటరీ పోయినా ఆ నడక పోలేదు.

జింకు బకెట్టును చూసి పులుపు తగిలితే విషమన్నాడు. అల్యూమినియం డేగిసాను మా సముద్రపుగాలి అప్పటికే సగం తినేసింది, లోపల వేలు రాస్తే తెల్లపొడి అంటింది. ఆవకాయ జాడీ అన్నింటికంటే మేలైనదని ముచ్చటపడి తల లోపలికి దూర్చాడు. మూడేళ్ళ కారం, నువ్వులనూనె. తుమ్ముతూ బయటికొచ్చి అరగంట కళ్ళు కడుక్కున్నాడు. ఇత్తడి సామాను దగ్గర మాత్రం నాకు పాఠమే చెప్పాడు. "లోపల కళాయి ఉండాదా లేదా చూడాల. కళాయి పోయిన ఇత్తట్లో పుల్లటిది పోస్తే తెల్లారేసరికి చిలుం పడతాది. ఇనపడతాందా?"

"ఊ," అన్నాను. నా ధ్యాసంతా పొయ్యి మీది పులుసు మీద ఉంది.

మొలకల పిండి నానబెట్టడానికి మా ఇంట్లో ఏదీ చాలలేదు. చర్చిలో ప్రేమవిందుకు వండే పెద్ద గుండిగ ఉంది. క్రిస్మస్‌కు కళాయి పూయించారు, లోపల చూస్తే ముఖం కనిపిస్తుంది. వడ్లు ఉడకేసుకోవాలని చెప్పి మామ పాస్టరుగారిని అడిగాడు. ఆయన సంతోషించి, మా ఇంటి పంట కోసం ప్రార్థన చేసి మరీ ఇచ్చాడు. ఆ ప్రార్థన దేనికి పోయి తగిలిందో నాకిప్పటికీ తెలియదు.

వడగట్టడానికని మొదట చేపల బుట్ట తెచ్చాడు, వాసనకు నేనే విసిరేశాను. చివరికి కొత్త తాటాకు బుట్టలో వరిగడ్డి పరిచి, దాని మీద పాత పంచె వేశాం. నీళ్ళ వేడి చూడడానికి సార్జంటు దగ్గర గాజుగొట్టం ఉండేదట. మా దగ్గర నా వేలు ఉంది. వేలు ముంచి మూడు లెక్కపెట్టేలోపు తీసేయాలనిపిస్తే సరైన వేడి. ఒకటికే తీస్తే ఎక్కువ, అయిదు దాకా ఉంచగలిగితే తక్కువ. ఆయన వేలు ఎందుకు పనికిరాదని అడిగితే మిలిటరీలో మొద్దుబారిపోయిందన్నాడు. రాగిపిండి కలిపిన గుండిగను గోనెసంచులతో, మిలిటరీ కంబళితో చుట్టి ఊకగుట్టలో పాతిపెట్టాం. మధ్యాహ్నానికి తీసి వడగడితే నిజంగానే తియ్యటి నీళ్ళు దిగాయి. వాటిని కాచేటప్పుడు చేదు కోసం సార్జంటు వేసిన ఆకేమిటో మామకు గుర్తులేదు. గుప్పెడు వేపపువ్వు వేశాడు.

ఇక పులియబెట్టడానికి పాత్ర కావాలి. కొత్త కుండ తెస్తే చెమర్చి సగం నీళ్ళు నేలపాలు చేసింది. మామ చూపు నెమ్మదిగా వంటింటి మూలకు తిరిగింది.

"మామా, వొద్దు."

"ముప్పై ఏళ్ళు పులుపు మోసిన కుండ అది. ఒక్క చుక్క కారదు. రెండు దినాలే. మీ అత్త వొచ్చేలోపు యథాస్థానం."

నేను గట్టిగా అడ్డం పడాల్సింది. కానీ అప్పటికి నాకూ ఆ పిచ్చి పట్టింది. పొద్దుటి నుంచి వేలు కాల్చుకున్నదాన్ని, ఆఖరికి ఏమవుతుందో చూడొద్దా? కలిని నేను వేరే పాత్రలోకి మారుస్తాను, అలా అయితేనే కుండ ఇస్తాను అన్నాను. పెరట్లో బోర్లించిన ఇత్తడి బిందె కనిపించింది. అందులో పోసి మూత పెట్టాను. మామ కలికుండను సలసల కాగే నీళ్ళతో మూడుసార్లు కడిగాడు. సామాను శుభ్రంగా లేకపోతే బీరు చెడుతుందని సార్జంటు మాట. నెల్లూరు బేకరీ సాయిబు రొట్టె పులియడానికని ఇచ్చిన ఖమీరు ముద్దను తియ్యటి నీళ్ళలో కలిపి, కుండ మూతికి గుడ్డ కట్టి వడ్లగాదె చాటున పెట్టాడు.

పొద్దున లేచి గంజి పోద్దామని బిందె మూత తీశాను. అంచు చుట్టూ పచ్చటి గీత. కలి మీద నీలం తెట్టు. అప్పుడు వినిపించింది నాకు మామ చెప్పిన పాఠం, మాట పొల్లుపోకుండా. ఆ మనిషి ఒక్కో పాత్రనూ వేలితో తడిమి, వాసన చూసి, గోటితో గీకి ఏరుకున్నాడు. ఇల్లు మొత్తంలో చూడకుండా తీసిన పాత్ర ఒక్కటే, అది నేను తీసింది.

గేదె కుడితిలో కూడా కలపలేక ఇసకలో పారబోశాను. మామకు చెప్పాను. తిడతాడనుకున్నాను. ఆయన అరుగు మీద కూలబడ్డాడు.

"నేను యుద్ధానికి పోయినప్పుడు ఎనిమిది నెలలు ఉత్తరం లేదమ్మా," అన్నాడు. "పోయినాడనే అన్నారంట అందరూ. మీ అత్త మాత్రం పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఆ కుండకు గంజి పోసుకుంటా కూర్చున్నదంట. కుండ పులుస్తా ఉంటే ఇల్లుండాదని అర్థం అనేది. దాన్ని నేను ఉడికిచ్చి చంపినాను."

ఏడుపొచ్చింది నాకు. చంపింది ఆయనొక్కడే కాదు, నేను కూడా.

మర్నాడే అత్త వస్తుంది. ఆ కలి నుంచే చెంబెడు పుచ్చుకున్న ఇల్లు ఊళ్ళో ఒకటుందని నాకు తెలుసు. అది ఎదురిల్లు. ఆ ఇంటి పెద్దమ్మ, మా అత్త ఒకే ఏడు కోడళ్ళుగా వచ్చి, చాలాకాలం ఒకే కంచంలో తిన్నారట. తొమ్మిదేళ్ళ కింద పెద్దమ్మ భర్త కల్లు తాగాడని మా అత్త నిండు సంఘంలో నిలబెట్టింది. అప్పటి నుంచి మాటల్లేవు. వీధికి అటూ ఇటూ ఊడుస్తూ కూడా ఒకరి ముఖం ఒకరు చూసుకోరు.

చెంబు కూడా లేకుండా వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను. ఎందుకని అడిగింది పెద్దమ్మ. అబద్ధం ఆలోచించుకుని వెళ్ళాను గానీ ఆమె కళ్ళు చూసేసరికి అంతా చెప్పేశాను. ఆమె నవ్వి నవ్వి స్తంభం పట్టుకుంది.

"మా ఆయన చెంబెడు కల్లు తాగినందుకు చర్చిలో నిలబెట్టింది. దాని మొగుడు కుండెడు బీరు కాస్తా ఉండాడా ఇంట్లో?" కొంగుతో కళ్ళు తుడుచుకుని లోపలికి పోయి చెంబు నిండా కలి తెచ్చింది. "తీసుకో. కానీ ఈ చెంబు మీ అత్త తెచ్చియ్యాల. నువ్వు తెస్తే తీసుకోను."

గురువారం పొద్దున్నే అత్త బస్సు దిగింది. బైబిలు సంచి కూడా దించకుండా వంటింటి మూలకు పోయింది. కొత్త కుండలో కలి ఉంది. దోసిట్లోకి తీసుకుని నోట్లో పోసుకుంది. పుక్కిలించింది. తలెత్తేసరికి గూట్లో చెంబు కనిపించింది. దాని మీద చుక్కలు చుక్కలుగా చెక్కిన ఎదురింటి పెద్దమ్మ పేరు. దాచాలని నాకు తట్టనే లేదు.

"ఇది దాని చేతి కలి. నాది యాడ?"

చెప్పాను. గుండిగ, బుట్ట, బిందె, చిలుం, అన్నీ చెప్పాను, ఏడుస్తూనే. మామ గుమ్మంలో అటెన్షన్‌లో నిలబడ్డాడు.

"అయితే ఆ రాగులు..." అంది అత్త నా కడుపు వంక చూసి.

"బీరుకత్తా."

ఆ ముఖం చూడలేకపోయాను. కలి పోయిందన్నప్పటికంటే ఆ మాటకే ఎక్కువ వాడిపోయింది. నేను తిన్న పెద్ద చేపముక్కలన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి.

అత్త నెమ్మదిగా లేచి వడ్లగాదె చాటున ఉన్న తన కుండ దగ్గరికి వెళ్ళింది. మూతి గుడ్డ విప్పింది. నురుగు పొంగి ఉంది. కుండను పగలగొడుతుందని నేనూ మామా ఇద్దరం అనుకున్నాం. ఆమె వంగి వాసన చూసింది. చెయ్యి ముంచి దోసిలి తాగింది. కళ్ళు మూసుకుంది. ఇంకో దోసిలి తాగింది.

"చావలా," అంది. "ఇందులోనే ఉండాది నా కలి."

మామ పరుగున వచ్చి తాగి చూశాడు. ముఖం వికారంగా పెట్టి ఉమ్మేశాడు. "ఇది బీరా? రాగిగంజి పులిసినట్టుండాది." ముప్పై ఏళ్ళుగా ఆ కుండ మట్టి తాగినదాన్ని ఆయన మూడు కడవల వేణ్ణీళ్ళు కడగలేకపోయాయి. అత్త తల్లి పంపిన ఆ పులుపు కుండ గోడల్లో దాక్కుని, మేము పోసిన తియ్యటి నీళ్ళను రెండు రాత్రుల్లో తన దారికి తెచ్చుకుంది. సాయిబు ఖమీరు కూడా పనిచేసే ఉంటుంది, ఎందుకంటే మూడో దోసిలికి మా ప్రెసిడెంటుగారి చెంపలు ఎర్రబడ్డాయి.

ఎవరి పాత్రనైనా ఖాళీగా తిరిగి ఇవ్వడం మాలో లేదు. అత్త గూట్లోని చెంబు కడిగి, ఆ కుండలోదే నిండా ముంచి, కొంగు కప్పి వీధి దాటింది. మేమిద్దరం తలుపు సందులోంచి చూశాం. పెద్దమ్మ చెంబు అందుకుని ఒక గుక్క తాగింది, మా అత్తను చూసింది, ఇంకో గుక్క తాగి చెంబు అత్త చేతికిచ్చింది. ఏం మాట్లాడుకున్నారో వినపడలేదు. కాసేపటికి అరుగు మీద కూర్చున్నారు. ఎండ నడినెత్తికొచ్చేసరికి ఇద్దరూ కలిసి కీర్తన ఎత్తుకున్నారు, ఒకామె ఒక చరణంలో, ఇంకొకామె ఇంకో చరణంలో. మామ తన బీరు వీధి దాటిపోవడం చూసి, ఒక్క గ్లాసైనా మిగలనిచ్చేలా లేరని గొణిగాడు.

అత్త తిరిగొచ్చినప్పుడు ఆమె కళ్ళు తడిసి ఉన్నాయి. తిన్నగా నడవడానికి కాస్త ఎక్కువ శ్రద్ధ పెట్టింది. కుండను తానే ఎత్తి వంటింటి మూల యథాస్థానంలో పెట్టి నన్ను పిలిచింది.

"ఇప్పట్నించి దీనికి నువ్వే గంజి పొయ్యాల," అంది. "చంపబోయినదానివి నువ్వే, సాకేదీ నువ్వే. దీన్ని వొదిలి పుట్టింటికి కూడా పోవడానికి లే."

అని పీట మీద కూర్చుంది. నేను వార్చిన గంజి తెచ్చి, ఆమె చూస్తుండగా కుండలో పోశాను.