క్లచ్ లేని ట్రాక్టరు

క్లచ్ లేని ట్రాక్టరు ఉంటుందంటే నేను నమ్మలేదు. చెప్పినవాడు నా బావమరిది కావడంతో అసలే నమ్మలేదు. వాడు పామిడిలో ట్రాక్టర్ల షాపులో పని చేస్తాడు. అమ్మేవాడు తన సరుకును ఎప్పుడు తిట్టాడు గనుక!

నా ఎడమ మోకాలు అరిగిపోయింది. పాత ట్రాక్టరు క్లచ్ తొక్కీ తొక్కీ అరిగిందో, వయసుకు అరిగిందో డాక్టరు తేల్చలేదు గానీ, ఆపరేషన్ చేసి మార్చాలని మాత్రం తేల్చేశాడు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు భయం. ఇంట్లో మాత్రం భయమని పైకి అనలేదు.

"నేను మంచాన పడితే చీనీతోట ఎవరు దున్నల్ల? బాడుగ ట్రాక్టరోళ్లు వస్తే డ్రిప్పు పైపులు తెంపుతారు, చెట్ల మొదుళ్లు గీకుతారు" అంటూ వాయిదా వేస్తూ వచ్చాను. బత్తాయి చెట్లకు మొదలు గీసుకుంటే చేటే, అందులో అబద్ధం లేదు. నా భార్య కూడా అబద్ధమని అనలేదు.

అలాంటప్పుడు బావమరిది ఈ చిన్న ట్రాక్టరు సంగతి ఎత్తాడు. మాటిమాటికీ గేర్లు మార్చే పని లేదట. లోపల నూనె ఒత్తిడే బండిని నడిపిస్తుందట. కుడికాలితో పెడల్ ఎంత తొక్కితే అంత వేగం, కాలు తీస్తే నిలబడుతుందట. ఎడమకాలికి పనే లేదన్నాడు. ఎడమకాలికి పని లేకపోతే మోకాలు కోయించుకునే పనీ తప్పుతుందని నాకు లోలోపల ఆశ పుట్టింది. కానీ ఆశ పుట్టినప్పుడే అనుమానం కూడా పుట్టడం నా స్వభావం.

"గేరుబండి మాదిరి గుంజుతాదా?" అన్నాను.

"కొంచెం తక్కువే బావా. నూనె తిప్పేదానికే కొంత శక్తి పోతాది. లోతు దుక్కికి గేరుబండే మేలు. చెట్ల నడుమ ముందుకీ వెనక్కీ తిరిగేదానికి ఇది మేలు."

తన సరుకులో లోపం తానే చెప్పే అమ్మకందారును నేను ఇంకా ఎక్కువ అనుమానిస్తాను.

అసలు అనుమానం మాత్రం నా భార్య మీద. ట్రాక్టరు స్టార్టు చేస్తే పొగ అని కొంగు అడ్డం పెట్టుకునే మనిషి, దీనికి నాకంటే ముందే సరే అంది. పైగా ఈ మధ్య గుడ్డలకని పామిడికి పోయి ఖాళీ సంచితో తిరిగొస్తోంది. అడిగితే "నచ్చలేదు" అంటుంది. బట్టలకు పేరుపడ్డ పామిడికి పోయి గుడ్డలు నచ్చలేదనే ఆడమనిషిని నేను ఇంతవరకు చూడలేదు. అక్కాతమ్ముళ్లు కలిసి ఏదో నడుపుతున్నారని గట్టిగా అనిపించింది.

పెడళ్లలో రెండు రకాలున్నాయని బావమరిది ఇంటికొచ్చి చెప్పాడు. ఒకదాంట్లో పొడుగాటి పెడల్ ఒక్కటే, మునికాలితో నొక్కితే ముందుకు, మడమతో నొక్కితే వెనక్కి పోతుంది. రెండోదాంట్లో ముందుకొకటి, వెనక్కొకటి విడివిడిగా ఉంటాయి. ఏది మేలో నేను ఆలోచిస్తుంటే, వంటింట్లోంచి నా భార్య గొంతు వినిపించింది.

"రెండు పెడళ్లదే చూడు. మడమతో తొక్కేదాంట్లో చెప్పు తగులుకుంటాది."

చెప్పు తగులుకుంటుందని ఈమెకెలా తెలుసు? బావమరిది వైపు చూశాను. వాడు మజ్జిగ గ్లాసులోకి చూస్తున్నాడు.

మరుసటి వారం రెండు పెడళ్ల బండినే తోటకు తెచ్చాడు. నేనే ఎక్కాను. చెట్ల వరుసల మధ్య బండి మెత్తగా కదిలింది. వరుస చివర చెట్టొకటి దగ్గరపడింది. ఇన్నేళ్ల అలవాటులో బండి ఆపడమంటే రెండు కాళ్లూ బిగించి తొక్కడమే. ఎడమకాలు లేని క్లచ్ కోసం వెతికింది. కుడికాలు బ్రేకనుకుని కింద ఉన్న పెడల్‌ను అదిమేసింది. బండి ఆగకపోగా చెట్టు మీదికి ఉరికింది. నేను ఇంకా గట్టిగా తొక్కాను.

"కాలెత్తు! తొక్కద్దు, కాలెత్తు!"

అరిచింది గట్టు మీద నిలబడి చూస్తున్న నా భార్య. ఎత్తాను. చీనీ ఆకులు మొహానికి తగులుతుండగా బండి నిలబడిపోయింది.

కిందికి దిగాను. "నీకెట్ల తెలుసు?"

ఆమె కుచ్చిళ్లు దోపుకుని సీటెక్కింది. వెనక పెడల్ నొక్కి, ఆకు రాలకుండా బండిని వెనక్కి తీసింది. డ్రిప్పు పైపు మీదికి పోకుండా తిప్పి, ఆ చివరిదాకా పోయి వచ్చింది. కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు. ఇంత చక్కగా తోలుతుందా అని గర్వంగానే ఉంది. నా ముందుకొచ్చి కాలు తీసింది.

"ఈ బండి నీ కాలికోసరం కాదు, నా కాలికోసరం" అంది. "తమ్ముని షాపులోనే నేర్చుకున్నా. నువ్వు మంచంలో ఉన్నన్ని దినాలూ తోట నేను దున్నుతా. ఇప్పుడు చెప్పు, ఆపరేషనుకు ఎప్పుడు పోదాం?"

అడ్డం పెట్టడానికి నా దగ్గర ఇంకేమీ మిగల్లేదు. బావమరిది వినకుండా మెల్లగా అన్నాను.

"నాకు భయమైతాంది."

"తెలుసులే" అంది, ఇంజను ఆపుతూ.