మా అబ్బాయి గెలల ట్రాక్టర్ తోలిన రోజు

ఆగస్టు పన్నెండు, సోమవారం. మధ్యాహ్నం పన్నెండున్నర. మా పామాయిల్ తోటలో షెడ్డు ముందు ఉన్నవాళ్లు: నేను, నా భార్య, మా చిన్నబ్బాయి, చిన్నకోడలు.

బస్సు డిపోలో కంట్రోలర్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఎవరు ఎప్పుడు ఎక్కడున్నారో రాసుకునే అలవాటు పోలేదు.

పొద్దున కోసిన గెలలు ట్రాలీ నిండా ఉన్నాయి. ఆలస్యం చేస్తే నూనె చెడుతుంది, ఆ రోజే ఫ్యాక్టరీకి పంపాలి. రోజూ ట్రాక్టర్ తోలే డ్రైవర్ జ్వరమొచ్చి భద్రాచలం దవాఖానాలో ఉన్నాడు. తోలడం వచ్చిన ఇంకో మనిషి మా ఎదురుగానే మజ్జిగ తాగుతున్నాడు. మా అబ్బాయి. డీఅడిక్షన్ సెంటర్‌లో నాలుగు నెలలుండి, ఇంటికొచ్చి అప్పటికి ఆరు నెలలు. వాడికి గంజాయి అలవాటైంది ఫ్యాక్టరీ బయట రోడ్డు మీదే. వంతు కోసం ఆగిన ట్రాక్టర్ల మధ్య, తోటి డ్రైవర్ల దగ్గర.

తిరిగొచ్చాక వాడి ముందు మేం గొంతు పెంచలేదు. వాడూ పెంచలేదు. కూరలో ఉప్పు ఎక్కువైనా బాగుందనే అనేవాడు.

"నేనే పోత," అన్నాడు.

"మీ నాయన పక్కన కూసుంటడు లేరా," అంది నా భార్య.

"ఎందుకే అమ్మా? ట్రాక్టర్‌కు కూడా కంట్రోలర్ కావాల్నా?"

కోడలు ఫక్కున నవ్వి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "పోనియ్యండి మామయ్యా. బతుకంతా ఈయన ఎంబడి ఎవరు తిరుగుతరు?" అంటూ అన్నం డబ్బా మొగుడి చేతిలో పెట్టింది.

నేను ఒక్కటే అడిగాను. "నీ పాత దోస్తులు లైన్ల ఉంటరు గదరా?"

"ఉంటరు. వచ్చే కోతకు గూడ ఉంటరు. ఎన్ని రోజులు దాక్కోవాలె నాయనా?"

తాళంచెవి నా జేబులోనే ఉంది. తీసి ఇచ్చాను. ఒంటిగంట పది నిమిషాలకు బయల్దేరాడు.

ఆరింటికి ఫోన్ చేశాడు. ముందు నలభై బండ్లున్నాయట, వంతు తెల్లారేదాకా రాదట. వాడి వెనక ఎవరెవరో పెద్దగా నవ్వుతున్నారు. ఎవర్రా వాళ్లు అని అడగబోయి ఆగాను. అనుమానంతో ఆరా తీయొద్దని సెంటర్‌లో మాకు పదేపదే చెప్పారు. "అన్నం తిన్నవా?" అని మాత్రం అడిగాను. ఆ పూట మేం ముగ్గురం అన్నం ముట్టకుండానే, తిన్నామని ఒకరికొకరం చెప్పుకున్నాం.

మర్నాడు పొద్దున ఎనిమిదింటికి ట్రాక్టర్ వచ్చింది. దిగీదిగగానే ట్రాలీలోంచి మూడు గెలలు నా ముందు పడేశాడు. నల్లగా, పచ్చిగా ఉన్నాయి.

"ఇవి ఎవరు కోయించిండ్రు? వాపస్ ఇచ్చిండ్రు."

"నేనే. పోయిన కోతై పది రోజులైంది గదరా. డైరీ చూసే..."

"చెట్టుకు నీ డైరీ చదవొస్తదా? కింద పండ్లు రాలినయో లేదో చూసి కత్తి వెయ్యాలె నాయనా! లైన్ల ఇజ్జత్ పోయింది. నిన్న సాయంత్రం ట్రాలీల ఇవి చూసినప్పటి సంది ఒకటే నవ్వుడు. సెంటర్‌కు పోయి కోత మర్చిపోయినవా అంటున్నరు."

"మరి నువ్వేమన్నవ్?" కోడలు అడిగింది.

"మా నాయన కోయించిండని చెప్పిన."

వాడి కళ్లు తేటగా ఉన్నాయి. గొంతు రోడ్డు దాకా వినిపిస్తోంది. సెంటర్ నుంచి వచ్చాక వాడు నా మీద అరవడం అదే మొదటిసారి.

"పెద్దాయన మీద గట్ల అరుస్తవేందిరా," అంటూ నా భార్య టీ గ్లాసు అందించింది. ఆమె ముఖం నిండా నవ్వే.

టీ తాగి, "రా, చూపిస్త," అని వాడు తోటలోకి నడిచాడు. నేను వెనకే వెళ్లాను. ఒక్కో చెట్టు కింద ఆగి నేల చూపించాడు. మూడో చెట్టు మొదట్లో ఎర్రటి పండ్లు నాలుగు రాలి ఉన్నాయి.

"ఏరుకో," అన్నాడు. వంగి ఏరాను.