నీలం దారం చుట్టిన చీటి

మా ఆయనది సిరోంచల చిన్న మందుల దుకాణం. మా అక్కనిచ్చింది జిమల్‌గట్టకు. ఆడ బావకు కిరాణం ఉండె. ఊరోళ్లకు మందులు కావాల్నంటె బావనే మాకు చీటి రాసి పంపుతుండె.

వానకాలం ఆ తొవ్వను నమ్మెటట్టు లేకుండె. అందుకని బావ ఒకటే మాట రెండు చీట్ల మీద రాసి, ఒకటి బస్సు కండక్టరు చేతికి, ఒకటి నడిచొచ్చే మనిషి చేతికి ఇచ్చేటోడు. ఏదో ఒకటన్న అందుతదని. రెండూ అందితె మా ఆయనకు పరేషాన్. ఒకపాలి అడిగిన మందే రెండుసార్లు పంపిండు. "ఏంది తమ్మీ, మా ఊరికంత మందుతోని తానం చేయిస్తవా?" అని బావ ఆట పట్టిచ్చిండు.

ఆనక బావనే ఉపాయం జేసిండు. ఒక మాటకు రాసిన రెండు చీట్లకు ఒకటే రంగు దారం చుట్టాలె. ఇంకో మాటకు ఇంకో రంగు. మా ఆయన వచ్చిన చీటిని దారంతోనే గోడకున్న ఇనుప తీగకు గుచ్చేటోడు. ఇంకోటి రాంగనే తీగ మీద ఎతికేటోడు. అదే ఊరు, అదే రంగు ఉంటె రెండోదని చింపేసేటోడు. నాకు సదువు సంతకం వరకే. రంగులైతె తెలుస్తయి గద.

"ఏమే, జర చూడు, ఎర్రది ఉన్నదా?"

"ఉన్నదయ్యా, చింపెయ్."

ఆ యేడు జిమల్‌గట్టల కక్కుడు, బేదులు. అక్కకు గూడ పట్టుకున్నది. సెలైన్ సీసాలు పంపుమని నీలం దారం చీటి బస్సుల వచ్చింది. మా ఆయన మర్లిపోయే బస్సులనే పంపిండు. అక్క లేచి కూసున్నదని కండక్టరు చెప్పంగ నా పానం కుదుటపడ్డది. నడిచొచ్చే చీటి మాత్రం రాలె. వాగులు పొంగి బస్సు గూడ బందయింది.

వాన జర తెరిపిచ్చినంక ఒక గోండు ముసలాయన తడిసి ముద్దయి దుకాణం ముందల నిలబడ్డడు. చేతిల జిమల్‌గట్ట చీటి, దానికి నీలం దారం. మా ఆయన ఇప్పి చూసిండు, సెలైన్ సీసాలే. తీగ మీద చూసిండు, నీలం ఉన్నది.

"ఎన్కవడ్డ రెండోది ఇప్పుడొచ్చింది," అన్నడు.

ముసలాయన గోండిల ఏందో చెప్పవట్టె, చెయ్యి అడ్డంగ ఊపవట్టె. మాకిద్దరికి గోండి రాదాయె.

"అందింది తాతా, ఎప్పుడో పంపినం. చాయ్ తాగు," అన్నడు మా ఆయన.

చాయ్ నేనే పోసిన. ఆయన గిలాస పట్టుకొని మా ఇద్దరి మొకాలు చూసిండు. తాగకుండనే ఆడ వెట్టి, ఉత్త చేతులతోని పోయిండు.

బస్సు నడిచినంక కబురొచ్చింది, అక్క లేదని. రోగం మల్ల తిరగవెట్టిందట. మొదటి సీసాలు ఒడిసిపోతె బావ మల్ల రాసి పంపిండట. ముసలాయన తెచ్చింది గదే. మొదటిసారి నడిచొచ్చినోడు వాగు దాటలేక ఆడి నుంచే మర్లిపోయిండట.

దినాలనాడు మా ఆయన తల ఎత్తలె. "మల్ల నీలమే చుట్టినవేంది అన్నా," అన్నడు.

"ఆ వానల ఇంకో దారం యాడ దొరుకుతది తమ్మీ? దుకాణంల మిగిలింది ఆ నీలం దారపుండ ఒక్కటే. నువ్వు సదువుతవనుకున్న."

"సదివిన అన్నా. రెండిట్ల గూడ గదే మాట ఉండె."



ఇంటికొచ్చి మా ఆయన తీగ పీకేసిండు. ఇగ ఎన్ని చీట్లొస్తె అన్నిసార్లు పంపుడే. అక్కర లేని సీసాలు పోయి తిరిగొచ్చేటియి, తొవ్వల పగిలేటియి. సంతల కూసుండి గోండి గూడ నేర్చుకున్నడు, ఇది పాత మాటనా కొత్త మాటనా అని అడిగెటంత. వచ్చినోళ్లనందరిని అడిగేటోడు. ఆ ముసలాయన మాత్రం మల్ల మా దుకాణం మెట్టు ఎక్కలె.