గొలుసు హోటలు

ఇంగ్లీషు నాకు బ్రహ్మాండంగా వచ్చని ఒకప్పుడు నేనే ఊరంతా చెప్పుకుని తిరిగేవాణ్ణి. ఎవరూ అడక్కపోయినా చెప్పేవాణ్ణి. ఆ పొగరుతో నేను చేసిన నిర్వాకం ఒకటుంది. అది తలుచుకుంటే ఇప్పటికీ సగం నవ్వొస్తుంది, సగం నన్ను నేనే రెండు పీక్కోవాలనిపిస్తుంది.

ఎనభైల మొదట్లో అమలాపురంలో ఒక కాలేజీ ఆఫీసులో గుమాస్తాగా చేరాను. మా వాళ్ళలో పొలం పని కాకుండా కుర్చీ పని చేసిన మొదటివాణ్ణి నేనే. ఆ కుర్చీకి మూడు కాళ్ళే సరిగ్గా ఉండేవి, అది వేరే సంగతి.

నాకు ఊహ తెలిసేసరికే మా అమ్మ లేదు. పెంచిందంతా పెద్దమ్మే. కాలేజీ గేటుకి ఎదురుగా ఆవిడకి హోటలుండేది. మా వైపు హోటలంటే తిండి దొరికే చోటు, అంతే. పడుకోవడానికి ఎవరిళ్ళు వాళ్ళకున్నాయి కదా! తాటాకు పాక, రెండు బల్లలు, కొబ్బరి డొక్కలతో మండే పొయ్యి, దాని మీద నల్లటి పెనం. అల్లం, పచ్చిమిర్చి దట్టంగా చల్లి ఆవిడ పెసరట్టు వేస్తే ఆ వాసనకి మొదటి పీరియడు పాఠం గాలికి పోయేది. నేను బి.ఏ. దాకా వచ్చానంటే ఆ పెనం చలవే. ఆదివారం మాత్రం పొయ్యి వెలిగించకుండా చర్చికి పోయేది. ఆ రోజు హాస్టలు కుర్రాళ్ళు ముఖాలు వేలాడేసుకుని తిరిగేవాళ్ళు.

కాలేజీ కమిటీలో ఒక ఆసామి ఉండేవారు. వరిచేలు, కొబ్బరితోటలు, తెల్లటి పంచె, మాటకి ముందూ వెనకా అండీ. పెద్దమ్మ పెసరట్టంటే ప్రాణం పెట్టేవారు గానీ ఆ బల్ల మీద కూర్చుని తినేవారు కాదు. అరిటాకులో పొట్లం కట్టించుకుని తోటలోకి పోయి తినేవారు. ఎందుకో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనేవాళ్ళు కాదు. నాకు ఒళ్ళు మండేది. పెద్దమ్మకి మాత్రం చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు.

"చల్లారిపోయిన అట్టు తింటన్నాడ్రా పాపం, ఆయనకే నష్టం," అనేది.

ఇలా రోజులు వెళ్ళిపోతుంటే మద్రాసు నుంచి ప్రిన్సిపాలుగారి పేరిట ఇంగ్లీషులో ఒక ఉత్తరం వచ్చింది. కాలేజీ గోడని ఆనుకుని ఉన్న కొబ్బరితోట కొని, అందులో గదులూ భోజనాల హాలూ ఉన్న మేడ హోటలు కడతారట. తమది ఎన్నో ఊళ్ళలో పేరు మోసిన 'చైన్ హోటల్' అట. కాలేజీవాళ్ళకి అభ్యంతరం లేదని కాగితం రాసిస్తే పని మొదలెడతారట.

చదవగానే నాకు పెద్దమ్మ పాక గుర్తొచ్చింది. కాలేజీ పక్కనే ఫ్యాన్ల కింద కూర్చోబెట్టి పింగాణీ పళ్ళేల్లో పెడుతుంటే, పొగలో కళ్ళు తుడుచుకుంటూ పెద్దమ్మ పాకలో ఎవడు కూర్చుంటాడు? ఈ వయసులో ఆవిడ చేత పొయ్యి ఆర్పించేస్తారా? ఆ మద్రాసువాళ్ళ మీద నాకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు.

ప్రిన్సిపాలుగారు మాత్రం తీరిగ్గా అన్నారు: "దీన్ని తెలుగులో నోటీసు రాసి గేటుకి అంటించవోయ్. లెక్చరర్లు, కుర్రాళ్ళు, చుట్టుపక్కలవాళ్ళు, ఎవరొచ్చి ఏం చెప్పినా ఓ పుస్తకంలో రాసుకో. పదిహేను రోజుల తర్వాత మీటింగు పెడదాం."

తెలుగు చెయ్యడం నా చేతిలో పనే కదా అని కూర్చున్నాను. అంతా గడగడా రాశాను గానీ 'చైన్' దగ్గర కలం ఆగింది. నిఘంటువు తీశాను. మొదట 'శృంఖల' అని ఉంది. 'శృంఖలా హోటలు' అని రాసి పైకి చదివితే జైలు గుర్తొచ్చింది, కొట్టేశాను. రెండో అర్థం 'గొలుసు'. అచ్చమైన తెలుగు మాట, ఎవరికైనా అర్థమవుతుంది! "ప్రఖ్యాత గొలుసు హోటలు వారు మన కళాశాల ప్రక్కన..." అని గుండ్రటి అక్షరాలతో రాసి, దూరంగా నిలబడి రెండుసార్లు చదువుకుని మురిసిపోయాను.

నోటీసు అంటించిన గంటకల్లా మా అటెండరు వచ్చాడు. "గొలుసు హోటలంటే నాకు తెలుసునండి," అన్నాడు.

"ఏం తెలుసు?"

"రావులపాలెం బస్టాండులో మంచినీళ్ళ తొట్టి కాడ గ్లాసుకి గొలుసు కట్టేరు కదండీ, ఎవడూ పట్టుకుపోకుండా? అదేనండి. ఈ హోటల్లో అన్నిటికీ కట్టేత్తారన్నమాట. గ్లాసుకీ, కంచానికీ, చెంచాకీనండి."

"ఛ! అది కాదయ్యా గొలుసంటే," అని నేను నోరు తెరిచేలోపే అతను గేటు దగ్గరున్న జనానికి ఆ సంగతి చేరవేశాడు. నోటీసు పక్కన నిలబడి వచ్చినవాళ్ళందరికీ చేతులు తిప్పుతూ గొలుసు పొడుగుతో సహా చూపించడం మొదలెట్టాడు.

ఇక చూడండి నా అవస్థ! అభిప్రాయాల పుస్తకం ముందు జనం బారులు తీరారు. ఒకాయన, గ్లాసుకంటే సరేగానీ కంచానికి గొలుసేస్తే పెళ్ళాం పక్కన కూర్చుని కూర పంచుకోవడం ఎలాగని అడిగాడు. ఇంకొకాయన, ఎడమచేతివాటం వాళ్ళకి గొలుసు ఎటువైపు కడతారో ముందు తేల్చమన్నాడు. హాస్టలు కుర్రాళ్ళు ముగ్గురు వచ్చి, ఐస్‌క్రీము పెడితే ఎన్ని గొలుసులు కట్టినా తమకి సమ్మతమేనని సంతకాలు పెట్టారు. ఫిజిక్సు లెక్చరరు ఒక్కరే తన చదువుకి తగ్గట్టు ఆలోచించారు. రైల్లో చైను లాగితే బండి ఆగినట్టు ఇక్కడ చైను లాగితే సర్వరు ఆగుతాడని ఆయన సిద్ధాంతం. కోనసీమలో రైలే లేదు, దాని చైను మాత్రం ముందే వచ్చేస్తోందని అందరూ నవ్వారు.

సాయంత్రం స్టాఫు క్వార్టర్సు ఆడవాళ్ళు నలుగురు వచ్చారు. అందులో పెద్దావిడ గొంతు తగ్గించి, "ఏం బాబూ, భోజనం చేసినోళ్ళకి గొలుసు ఇత్తారంట కదా? బంగారందేనా? ఎన్ని కాసులుంటుంది?" అని అడిగింది.

"గొలుసులూ లేవు, గాజులూ లేవండీ!" అని విసుక్కున్నాను.

"అయితే ఆ హోటలు మాకెందుకు? వద్దని రాసేసుకో," అంది. రాసుకున్నాను.

ఆ రాత మధ్యలోనే నా చెయ్యి ఆగిపోయింది. పేజీలు వెనక్కి తిప్పి చూశాను. వద్దు. వద్దు. వద్దండి. ససేమిరా వద్దు. ఐస్‌క్రీము కుర్రాళ్ళు తప్ప ఊరంతా వద్దంటోంది! ఇప్పుడు నేను పోయి, గొలుసంటే ఒకే కంపెనీకి ఊరూరా ఉన్న హోటళ్ళని విడమరిచి చెప్పాననుకోండి, వీళ్ళంతా 'అలాగా, అయితే సరే' అంటారు. పెద్దమ్మ పొయ్యి ఆరిపోతుంది. నోరు మూసుకుంటే చాలు, ఆ పొయ్యి నిలుస్తుంది. నోరు మూసుకున్నాను. జన్మలో అంత హాయిగా నేనెప్పుడూ నోరు మూసుకోలేదు.

ఒక్క భయం మాత్రం ఉండేది. ప్రిన్సిపాలుగారికి నాకంటే బాగా ఇంగ్లీషు వచ్చు. రెండోవారంలో నన్ను పిలిచి, నోటీసు నకలు ముందు పెట్టుకుని, "చైన్‌కి గొలుసని రాశావేంటోయ్?" అన్నారు.

"నిఘంటువులో ఉందండి," అన్నాను.

ఆయన కాగితం మడిచి పక్కన పెట్టారు. నెయ్యీ నూనే తగలకూడదని డాక్టరు ఆయనకి ఆంక్ష పెట్టాడు. అయినా రోజూ పదకొండింటికి పెద్దమ్మ పెసరట్టు ఒకటి ఫైలు చాటున ఆయన గదిలోకి పోయేది. "నిఘంటువు ప్రకారం తప్పేం లేదు," అని మూతి తుడుచుకున్నారు.

మీటింగు రోజు కాలేజీ హాలు కిటకిటలాడింది. కంపెనీ తరఫున మద్రాసు నుంచి ముందురోజే ఊళ్ళో దిగిన ఒకాయన బూట్లు తళతళలాడిస్తూ వచ్చాడు. తెలుగు వచ్చు గానీ, మన తెలుగు కాదు. పాపం, చాలా మర్యాదస్తుడు. లేచి నిలబడి మొదటి మాటే, "మాది చైన్ అండీ. దాచేదేం లేదు," అన్నాడు.

హాలంతా ఒక్కసారి గోలెత్తిపోయింది. "చూసేరా, ఆయనే ఒప్పుకున్నాడు!" అన్నాడు అటెండరు.

"పదకొండు ఊళ్ళలో ఉంది మా చైన్," అన్నాడాయన సంబరంగా.

"పదకొండు ఊళ్ళోళ్ళూ ఊరుకున్నారాండీ?" అని ఎవరో అరిచారు.

"ఊరుకోవడం ఏమి? చాలా సంతోషం వాళ్ళకి. ఒక్కసారి మా చైన్‌లోకి వచ్చినవాళ్ళు మళ్ళీ విడిచి పోరు."

"ఎలా పోతారండీ, కట్టేత్తే!"

అప్పుడు ఆసామిగారు లేచారు. గోల సద్దుమణిగింది. ఆయన ఎంతో నెమ్మదిగా, "ఒక్క మాటండి. మీ చైను పొడుగెంతండి?" అని అడిగారు.

మద్రాసాయన ముఖం వెలిగిపోయింది. "మద్రాసు నుంచి విశాఖపట్నం దాకా అండీ! మధ్యలో మీ ఊరు కూడా తగిలించామంటే ఇంకా గట్టిపడుతుంది."

నేను మినిట్సు పుస్తకంలో తల దూర్చేశాను. నవ్వు ఆపుకోలేక బుగ్గ లోపల కొరుక్కుంటే రక్తం వచ్చింది.

ఆసామిగారికి మాత్రం నవ్వు రాలేదు. "ఆయ్, వినండి," అన్నారు. "మా కోనసీమలో ఇంటికొచ్చినోడు కంచం ముందు కూర్చుంటే, చాలు చాలంటున్నా వడ్డించేవాళ్ళమండి మేం. గ్లాసెత్తుకుపోతారని గొలుసేసే రకం కాదండి. అసలు చుట్టం హోటల్లో దిగేడంటేనే మాకు నామర్దా. మీ హోటలు మాకొద్దండి. మీరు మాత్రం భోంచేసి వెళ్ళండి."

చప్పట్లతో హాలు మారుమోగిపోయింది. మద్రాసాయన మీటింగయ్యాక నా దగ్గరికొచ్చి, తమలో లోపమేమిటో చెప్పమని ఇంగ్లీషులో బతిమాలుతున్నట్టు అడిగాడు. నాకొచ్చిన ఇంగ్లీషంతా ఆ క్షణాన ఎటో ఎగిరిపోయింది. "నో, నో, థాంక్యూ," అన్నాను. ఆసామిగారు ఆయన్ని చెయ్యి పట్టుకుని వాళ్ళింటికి భోజనానికి తీసుకుపోయారు.

నేను ఒక్క పరుగున గేటు దాటి పాకలో పడ్డాను. ఎవరూ లేరు. పెద్దమ్మ రుబ్బురోలు ముందు కూర్చుని పెసలు రుబ్బుతోంది. ఆ పక్కనే చతికిలబడి మొత్తం చెప్పాను. నా అనువాదం, కంచాలకి గొలుసులు, కాసుల లెక్క, మద్రాసు నుంచి విశాఖపట్నం, అన్నీ. ఆవిడ పడీ పడీ నవ్వుతుందనుకున్నాను. నవ్వింది కూడా, కాసేపు. తర్వాత పొత్రం తిప్పడం ఆపేసింది.

"అయితే ఇంక కట్టరా?" అంది.

"కట్టరు పెద్దమ్మా! ఊరంతా వద్దంది. నీ హోటలుకి ఢోకా లేదు."

"నా హోటలుకేవైందిరా ముందు?"

"అదేంటే, ఆ మేడ హోటలొస్తే నీ దగ్గరికెవరొస్తారు?"

"చాల్లే, వెధవా! వాళ్ళు వేసే అట్టూ, నేను వేసే అట్టూ ఒకటేనా? కుర్రాళ్ళు ఎక్కడికీ పోరు. వాళ్ళ ముఖాలు నాకు తెలీవూ?" అని చేతికంటిన పిండి రోలు అంచుకి రాసింది. "ఆ మద్రాసాయన నిన్న పొద్దున్న ఇక్కడే తిన్నాడు. మూడట్లు తిన్నాడు. నేనడిగేను, బాబూ, మీ హోటలుకి ఎవరన్నా రావచ్చా, నాలాటోళ్ళు కూడా రావచ్చా అని. ఎవరన్నా రావచ్చమ్మా, కుర్చీలో కూచుంటే మా వాళ్ళే తెచ్చి పెడతారు, ముందు మీరే రండి అన్నాడు."

ఆవిడ పొయ్యి వైపు చెయ్యి చూపించింది.

"ఎన్నేళ్ళయిందిరా ఈ పెనం ముందు? నేను తినేది ఎప్పుడూ ఆఖరట్టే. అదీ నేను వేసుకున్నదే, నిలబడి. పెళ్ళిళ్ళకెళ్ళినా వంటకాడే ఉంటాను. ఒక్కపూట కుర్చీలో కూచుని, వేడివేడిగా ఎవరో తెచ్చి ముందు పెడితే తిందారనుకున్నాను. చర్చికి కట్టే చీర కట్టుకుని వెళ్దారనుకున్నాను." గొంతులో ఏడుపేమీ లేదు. కోపం ఉంది. "ఊళ్ళో అందరి మాటా రాసుకున్నావు కదా. కుక్కనీ నక్కనీ అడిగేవు. ఎదురుగా గేటవతలున్నాను, నన్నడిగేవా?"

అడగలేదు. పదిహేను రోజులు ఆవిడ కోసమే చేస్తున్నాననుకుంటూ, ఆవిడని ఒక్క మాట కూడా అడగలేదు. సిగ్గుతో నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. చొక్కా చేతులు పైకి మడిచి లేచాను.

"నువ్వు బల్ల మీద కూర్చో పెద్దమ్మా. నేను వేసి పెడతాను."

"నువ్వా? పెనానికి అంటించి పెడితే మళ్ళీ తోముకోలేక నా రెక్కలు పోతాయి. పద, అవతలకి జరుగు." నన్ను భుజం పట్టి పక్కకి నెట్టింది. "పొద్దుట్నుంచీ ఏవన్నా తిన్నావా?"

"లేదు," అన్నాను.

ఆవిడ పొయ్యి రాజేసి, పెనం మీద నీళ్ళు చిలకరించి, పిండి పోసి గుండ్రంగా తిప్పింది. అల్లం ముక్కలు చల్లింది. అట్టు మడిచి అరిటాకులో వేసి నా ముందుకి తోసింది. నేను బల్ల మీద కూర్చుని తిన్నాను. నిప్పులా వేడిగా ఉంది, అద్భుతంగా ఉంది.

"ఇంకోటి వెయ్యనా?" అంది.

వెయ్యమన్నాను.